జాతీయశోకము – పాట : ఒక పరిశీలనము

1948వ సంవత్సరము జనవరి 30వ తేదీ సాయంకాలము ఢిల్లీలోని బిర్లాభవనమున ప్రార్థనసభకు నడచిపోవుచు మహాత్మాగాంధి హతుడయ్యెను. ఆ మరణమునుగూర్చి తెలుగున పద్యములును గేయములును పెక్కులు వెలువడినవి. గుఱ్ఱము జాషువ గారి 'బాపూజీ' ఆ యేటి కృతియే. సాహిత్యచరిత్ర వ్రాయువారు ఇట్టి రచనలను స్మృతికావ్యములను శీర్షిక క్రింద చేర్చుచున్నారు. ఆ చేర్పులో దోషము లేదు. కాని దానిచే తీరని ప్రశ్న యొకటి మిగులుచున్నది. ఆ మరణమును తలచుకొనునప్పుడు జనుల చెవిలో మెదలు పాట యేది? ఆ మరణమును వర్ణించిన పాటయేనా? కాదనియే మా యభిప్రాయము. జాతికి కలిగిన శోకమును మోయు పాట తఱచుగా ఆ శోకమునుగూర్చి పుట్టినది కాదు. దానికి పూర్వమే పుట్టి, వేఱొక యర్థముతో పాడబడుచు, ఆ శోకమునకు చిక్కిన పాట. ఇట్లేల జరుగుచున్నదో విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ ప్రశ్న మాకు గ్రంథములలో తోచలేదు, పూతలపట్టులో తోచినది. చిత్తూరునుండి వచ్చిన బాట తిరుపతివైపునకును కర్నూలువైపునకును చీలు చోట ఆ గ్రామమున్నది. కంబరామాయణమును తెలుగు పద్యములలోనికి తెచ్చిన పూతలపట్టు శ్రీరాములురెడ్డి గారి పేరునకు ముందు చేరి ఆ యూరిపేరు సాహిత్యలోకమునకు పరిచితమైనది. తమిళదేశపు సరిహద్దు చేరువనే యుండుటచే ఆ ప్రాంతపు జనులకు పరభాషలోని పాట వింత కాదు. అచ్చట ఒక గృహమున కొలదిమంది పెద్దలు కూడియుండగా మేము ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన 'హరి తుమ్ హరో' అను మీరా భజనను వినిపించితిమి. అది యే భాషయో, ఎవరు పాడినదో చెప్పలేదు. పాట ముగియక మునుపే ఒక వృద్ధురాలు, "ఇది ద్రౌపతమ్మ పాట గదా నాయనా! గాంధితాత పోయిన దినమని పెడతా ఉంటారే, ఆ పాటే" అనెను. ఆమెకు హిందీ రాదు. 1948 నాటికి ఆమె పుట్టలేదు. అయినను పాటలోని పాత్రను గుర్తించినది. పాటకు తగులుకొనిన మరణమును గుర్తించినది. ఈ వ్యాసమంతయు ఆ రెండు మాటలకు వ్యాఖ్యానమే యని చెప్పవచ్చును.

ముందుగా పాట చరిత్రము. 1947 అక్టోబరు 2వ తేదీన వచ్చు తన జన్మదినమునకు సుబ్బులక్ష్మి గారు ఈ భజనను పాడవలెనని గాంధి కోరినట్లు ఢిల్లీనుండి మదరాసుకు వర్తమానము వచ్చెను. అది తనకు అభ్యాసములో లేదనియు, మఱియొకరిచే పాడించుట మేలనియు ఆమె పక్షమున తెలుపగా, ఇతరులు పాడుటకంటె ఆమె వట్టి మాటలుగా చదివినను వినుటకు ఇష్టమని బదులు వచ్చెనని చెప్పుదురు. మదరాసు ఆకాశవాణి కేంద్రమున రాత్రికి రాత్రి పాటను ముద్రించి విమానమున పంపిరి. అప్పటికి అది జన్మదినపు కానుక. అందు మరణచ్ఛాయ లేదు.

తరువాత నాలుగు నెలలైనను నిండలేదు. 1948 జనవరి 30వ తేదీ పుష్య బహుళ పంచమి, త్యాగరాజస్వామి ఆరాధనదినము. తిరువయ్యారు ఉత్సవపు ప్రసారమును సుబ్బులక్ష్మి గారు తమ యింట వినుచుండిరనియు, ఆ ప్రసారము నడుమ ఆగి మరణవార్త వచ్చెననియు, దానివెంట తమ గొంతుతోనే ఈ భజన వినబడగా ఆమె స్పృహ తప్పిరనియు ప్రసిద్ధమైన వృత్తాంతము. ఇందు మేము గమనింపవలసినది రెండు విషయములు. మొదటిది, తెలుగు కృతులు ఆగిన చోట వ్రజభాషలోని భజన వినబడినది. త్యాగరాజు కృతులు రామునితో మొఱపెట్టుకొను కృతులు. శోకమునకు అవి చాలనివి కావు. అయినను ఆ నాటి శోకము వానికి తగులుకొనలేదు. రెండవది, పాడినయామెయే ఆ క్షణమున శ్రోత యయ్యెను. తాను కానుకగా పాడిన పాట శోకగీతమై తనకు తిరిగివచ్చినది. పాట అర్థము మారుటకు ఒక్క అక్షరమైన మారనక్కఱలేదని దీనికంటె స్పష్టముగా తెలుపు సన్నివేశము మఱియొకటి మాకు తోచలేదు.

ఇచ్చట రేడియో చేసిన పని యెట్టిదో విచారింపవలసియున్నది. 1876–78 నాటి మహాక్షామమును రాయలసీమ జనులు సంవత్సరనామముతో ధాత కరువని నేటికిని చెప్పుకొందురు. అట్టి విపత్తులలో పాట వెనుక వచ్చును. ముందు విపత్తు, తరువాత వార్త, వార్త ఊరూర తిరిగి కథయైన పిమ్మట పాట. కట్టువాడు జరిగినదంతయు ఎఱిగియే కట్టును. కావున పాట కథను చెప్పును, కారణములను చెప్పును, తుదకు నీతినిగూడ చెప్పును. 1948లో ఈ క్రమము తాఱుమాఱయినది. వార్తయు పాటయు ఒకే పెట్టెనుండి, ఒకే రాత్రి, ఒకదానివెంట ఒకటి వచ్చినవి. క్రొత్తపాట కట్టుటకు వ్యవధి లేదు. అప్పటికే యున్న పాటయే శోకమునకు నోరు కావలసివచ్చెను. విజయవాడ ఆకాశవాణి కేంద్రము అప్పటికింకను లేదు. అది అదే యేడు డిసెంబరు 1వ తేదీన వెలసినది. చిత్తూరు సీమకు 1938లో నెలకొనిన మదరాసు కేంద్రమే ఆధారము. రేడియో పెట్టె గల యిండ్లును నాడు అరుదు. ఒకరు విని పదిమందికి చెప్పిన వార్తయే గ్రామములందు ప్రాకినది. కావున పల్లెలలో ఆ రాత్రియే అందఱును ఆ పాటను విన్నారని మేము చెప్పజాలము. వినినవారికిని వార్త చెప్పగా తెలిసికొన్నవారికిని నడుమ నున్న యెడమును తరువాతి సంవత్సరములలో, జనవరి 30వ తేదీన మఱల మఱల వినిపించిన వినికిడి పూరించినది. వృద్ధురాలు "పెడతా ఉంటారే" అనిన మాటకు అర్థమిదియే.

కాని ప్రసారమను యాదృచ్ఛికతచేతనే ఈ పాట నిలిచినదని యెవరైన ఆక్షేపింపవచ్చును. ఆ రాత్రి మఱియొక పాటను వేసియుండిన అదియే నిలిచియుండెడిదికదా యని ప్రశ్న. దీనికి సమాధానము తరువాతి చరిత్రలోనే కలదు. దేశనాయకులు మరణించిన సందర్భములలో ఆకాశవాణియు, దూరదర్శనును గంటల తరబడి విషాదవాద్యసంగీతమును ప్రసారము చేసియున్నవి. 1984లోను, 1991లోను వినినవారు నేటికిని పలువురు కలరు. విచారమును కలిగించుటలో ఆ వాద్యములకు కొఱత లేదు. అయినను ఫలానా వాద్యఖండము ఫలానా మరణమునకు చెందినదని చెప్పువారు కానరారు. అవి శోకమునకంతకును సామాన్యములు. ఏ యొక్క శోకమునకును సొంతము కాలేదు. కనుక యాదృచ్ఛికత పాటను సంఘటనచెంతకు చేర్చగలదే కాని కట్టివేయజాలదు. కట్టివేయునది పాటలోని యర్థము.

ఆ యర్థమెట్టిది? మీరాబాయి పేర ప్రచారముననున్న ఈ భజనలో భక్తురాలు హరిని జనుల బాధను హరింపుమని వేడుకొనుచు, ఆయన పూర్వము చేసిన రక్షణములను ఎత్తి చెప్పును. ద్రౌపది మానమును కాపాడి చీరను పెంచుట. భక్తునికొఱకు నరహరిరూపమును ధరించుట. మునిగిపోవుచున్న గజరాజును కాచుట. దర్బారీ కానడరాగపు గంభీరమైన నడకలో ఈ పేర్లు నెమ్మదిగా, ఒకదానివెంట ఒకటి, స్ఫుటముగా వినబడును. వ్రజభాష తెలియని తెలుగు శ్రోతకు క్రియాపదములు జాఱిపోవును, పేర్లు నిలుచును. ప్రహ్లాదుని కథయు గజేంద్రుని కథయు పోతన గారి మూలమున తెలుగువారి నాలుకమీదివి. ఇక ద్రౌపది సంగతి చిత్తూరు సీమలో వేఱుగా చెప్పవలసియున్నది.

ఈ ప్రాంతమున ఏటేట భారతపు తిరునాళ్లు జరుగును. ద్రౌపదీ ధర్మరాజుల గుడిచెంత పెక్కుదినములు పగలు హరికథగా భారతము చెప్పించి, రాత్రి వీధినాటకముగా ఆడింతురు. అర్జునుడు తపస్సుమాను ఎక్కును. మట్టితో పెద్దగా చేసిన దుర్యోధనుని పడగొట్టుదురు. భక్తులు అగ్నిగుండము త్రొక్కుదురు. ఇచ్చట ద్రౌపది కావ్యపాత్ర మాత్రమే కాదు, కొలువబడు తల్లి. ఆమె కష్టము ఊరికష్టము. చీరలు లాగు ఘట్టమును తెల్లవార్లు మేలుకొని చూచిన శ్రోతకు, ఏ భాషలోని పాటయందైనను ద్రౌపది పేరు వినబడినచో తక్కినది వివరింప నక్కఱలేదు. పరభాషాగీతము పూతలపట్టులో స్వగృహమును పొందిన మార్గమిదియే. అనువాదము జరిగినది, కాని భాషలో జరుగలేదు, ఆచారములో జరిగినది.

ఇప్పుడు రసవిచారము. భరతముని కరుణమునకును విప్రలంభమునకును భేదము చెప్పుచు, కరుణము నిరపేక్షమనియు విప్రలంభము సాపేక్షమనియు నిర్ణయించెను. మరల కూడుదుమను ఆశ యున్నచోట విప్రలంభము. ఆ యాశ తెగినచోట కరుణము. ఈ సూక్ష్మమైన భేదము మా విచారమునకు మిక్కిలి తోడ్పడుచున్నది. ప్రార్థనాగీతము స్వభావముచే సాపేక్షము. హరి వచ్చునను ఆశ లేనిదే వేడుకొనుట లేదు. మరణమన్ననో నిరపేక్షము. మరణమును వర్ణించు స్మృతికావ్యములో పాటయర్థమును సంఘటనయర్థమును ఒకే దిశకు సాగును, రెండును నిరపేక్షములే. కాబట్టి చదువరి శోకమును అనుభవించును, కన్నీరు విడుచును, కావ్యము ముగియును. అందు కవి నేర్పునకు ఆదరము కలుగును. అది కావ్యమునకు గౌరవమే. కాని ఈ భజన విషయమున పాట ఒక దిశకును సంఘటన మఱియొక దిశకును లాగుచున్నవి. హరి కాచెను, కాచెను, కాచెను అని పాట ముమ్మాఱు చెప్పుచున్నది. కాపాడబడలేదని వార్త చెప్పుచున్నది. ఎవరు ఆ పాటను కోరి పాడించుకొనెనో ఆతడే, అదియు ప్రార్థనకు పోవుచుండగా, కూలెను. వినువాడు మూడు రక్షణములకు తరువాత నాల్గవదానిని తనకు తెలియకయే వెదకును. అది పాటలో లేదు, లోకములోను లేదు. ఆ వెదకులాట ముగియనిది కనుకనే పాటయు ముగియదు. సాపేక్షమైన మాట నిరపేక్షమైన వేళ పాడబడుటయే ఈ గీతమునకు గల బలము.

ఈ వైరుద్ధ్యము పండితులకే గోచరమగునని తలపరాదు. భారతపు తిరునాళ్ల శ్రోతకు అది చిరపరిచితము. ఒక రాత్రి కృష్ణుడు ద్రౌపదికి చీరలిచ్చును. మఱియొక రాత్రి అదే కృష్ణుని మేనల్లుడు అభిమన్యుడు పద్మవ్యూహమున ఒంటరిగా చచ్చును. యుద్ధము ముగిసిన పిమ్మట నిద్రించుచున్న ద్రౌపది కొడుకులైదుగురును అశ్వత్థామచేతిలో హతులగుదురు. మానమును కాచిన దేవుడు బిడ్డలను కాచి యీయలేదు. ఇది యేల యని ఆ జనులు ఆటను ఆపరు. మరుసటియేడు మఱల ఆడింతురు. రక్షణమును మరణమును ఒకే కథలో ఉంచుకొని, ఒకదానిచే మఱియొకదానిని కొట్టివేయక బ్రదుకుట వారికి అలవడిన విద్య. ఆ వృద్ధురాలు దీనిని "ద్రౌపతమ్మ పాట" అనుటలో ఈ సంస్కారమంతయు ఇమిడియున్నదని మా నమ్మకము.

ఇచ్చట స్మృతినిగూర్చి ఒక సందేహము పుట్టును. పుట్టకముందు జరిగినదానిని ఆమె స్మరించుట యెట్లు? అది స్మృతియగునా? శాకుంతలము అయిదవ యంకమున హంసపదిక పాటను విని దుష్యంతుడు కారణము తెలియని బెంగకు లోనగును. మధురమైన ధ్వని విని సుఖియైనవాడును కలతపడుట జన్మాంతరస్నేహములు మనసున మెదలుటచేత కాబోలునని తలపోయును. అచ్చట పాట కలదు, బెంగ కలదు. స్మరింపబడు వస్తువు తెలియదు. మా వృద్ధురాలి విషయమున దీనికి విపర్యయము కనబడుచున్నది. వస్తువు తెలిసినది, తేదీతోసహా తెలిసినది. స్వానుభవము మాత్రము లేదు. జాతీయశోకమను మాటకు అర్థమే ఇది. స్వయముగా అనుభవింపనివారికిని సంక్రమించినప్పుడే శోకము జాతిది యగును. ఆ సంక్రమణమునకు చరిత్రపాఠము చాలదు. అది సంగతిని ఇచ్చునే కాని బెంగను ఈయదు. బెంగను ఇచ్చునది పాట. ఆలంకారికులు స్మృతిని వ్యభిచారిభావములలో నొకటిగా చెప్పిరి. అది వచ్చి పోవునది. ఏటేట వచ్చి పోవుచున్నను దానిని వెంట తెచ్చుటకు స్థిరమైన వాహనము కావలెను.

ఈ సూత్రమును వేఱు గీతములందు పరీక్షింతము. బసవరాజు అప్పారావు గారి కొల్లాయిపాట గాంధిని ముద్దుగా, చనవుగా పొగడు పాట. కవి 1933లోనే గతించెను. 1938లో వచ్చిన 'మాలపిల్ల' చలనచిత్రమున ఆ పాట ఊరూర వ్యాపించెను. అందు శోకలేశము లేదు. 1948 తరువాత దానిని విన్నవారికి ఆ చనవే గుండెను తాకును. కొల్లాయి యున్నది, కట్టినవాడు లేడు. విష్ణుదిగంబర పలుస్కర్ గారి బాణీలో దండియాత్రనాటి నడకకు తోడైన రామధున్ సంగతియు ఇట్టిదే. నడకకు తాళమైన పాట, నడచినవాడు ఆగిన పిమ్మట, సంతాపసభలలో కూర్చుండి పాడు పాట యయ్యెను. రెంటను పాటయర్థమునకు ఎదురుగా సంఘటన నిలిచియున్నది.

ఇక 'ఏ మేరే వతన్ కే లోగో' అను గీతము. 1962 నాటి చైనాయుద్ధములో కూలిన సైనికులకొఱకు కవి ప్రదీప్ వ్రాయగా, సి. రామచంద్ర స్వరపఱుపగా, 1963 జనవరి 27వ తేదీన ఢిల్లీలో నెహ్రూ యెదుట లతా మంగేష్కర్ పాడిరి. ఇది ఆ విపత్తుకొఱకే పుట్టి, ఆ విపత్తునకే స్మారకమై నిలిచినది. మా సూత్రమునకు ఇది విరుద్ధము కాదా? పైకి విరుద్ధమే. కాని పాట నిర్మాణమును చూడవలెను. అది మరణముతో ఆరంభింపదు. పండుగదినమును, జెండాను, జయఘోషలను ముందు చెప్పి, ఆ పిమ్మట ఇల్లు చేరనివారిని జ్ఞప్తి చేయును. గణతంత్రదినపు సంబరము ముగిసిన మరునాడే పాడబడినది. సంబరమునకును శోకమునకును గల పెనుగులాటను భజనకు చరిత్ర సమకూర్చగా, ఈ పాటలో కవియే సమకూర్చుకొనెను. కావున మా సూత్రమును ఇట్లు సవరించుకొనుచున్నాము: పాట పూర్వమే పుట్టినదా, తరువాత పుట్టినదా యనుట ముఖ్యము కాదు; పాటలోని ఆశయు సంఘటనలోని నిరాశయు ఒకదానినొకటి వదలక యుండుట ముఖ్యము. పూర్వమే పుట్టిన పాటలకు ఈ యోగము సులభముగా పట్టును. తరువాత పుట్టినవానికి కవిప్రతిభచే పట్టవలెను.

గాంధికి ప్రియమైన 'అబైడ్ విత్ మీ' అను క్రైస్తవ ప్రార్థనాగీతమును చాలకాలము ఢిల్లీలో జనవరి 29వ తేదీ సైనికవాద్యోత్సవపు ముగింపున వాయించుచుండిరి. 2022లో దానిని విడిచి, లతా మంగేష్కర్ పాడిన పై గీతమును చేర్చిరి. ఒక శోకస్మృతికి చెందిన పాట చోటున మఱియొక శోకస్మృతికి చెందిన పాట నిలిచినది. ప్రభుత్వములు పాటను వేదికనుండి మార్చగలవు. జనుల చెవినుండి మార్చగలవా యనుటకు కాలమే సాక్షి కావలెను.

పరిశోధకులకు దీనివలన కలుగు ప్రయోజనమును చెప్పి ముగింతుము. బిరుదురాజు రామరాజు గారి కృషి మొదలుకొని మన గేయసేకరణమునకు బలమైన పునాది ఏర్పడినది. గేయములను విషయమునుబట్టి విభజించుట అందఱకును అలవాటయినది. కాని విషయవిభాగమున 'హరి తుమ్ హరో' భక్తిగీతములలో చేరును. గాంధిమరణమను శీర్షిక క్రింద అది కనబడదు. కనుక సేకర్త, "ఆ మరణముమీద ఏ పాట కట్టినారు?" అని అడుగుటతో ఆగక, "ఆ దినమనగా మీకు ఏ పాట వినబడును?" అని కూడ అడుగవలెను. ఎక్కడ విన్నారు, రేడియోలోనా, బడిలోనా, భజనమందిరములోనా. పాటలో ఏ మాట తెలిసినది, ఏ మాట తెలియలేదు. అను విషయములను వ్రాసికొనవలెను. తెలియని మాటలకన్న తెలిసిన ఒక్క మాటయే తఱచుగా తాళపుచెవి. పూతలపట్టులో అది ద్రౌపది.

ఇంకొక హెచ్చరికయు అవసరము. ఏటేట ఒకే దినమున ఒకే పాటను వినిపించుటచే పాట నిలుచును, కాని మొద్దుబాఱవచ్చును. జనవరి 30వ తేదీ ఉదయము 11 గంటలకు పాటించు రెండు నిమిషముల మౌనమునకు ముందో వెనుకనో మ్రోగు గుర్తుగా అది మారినచో, దినము జ్ఞాపకముండును, శోకము జ్ఞాపకముండదు. బోధకులమైన మేము పాటను వినిపించి ఊరకుండక, హరి కాచిన మూడు కథలను విద్యార్థులచే చెప్పించి, నాల్గవచోట ఏమి జరిగినదని అడిగిన మేలు. ఆ ప్రశ్నకు పాట సమాధానము చెప్పదు. చెప్పకపోవుటచేతనే అది ఇంత కాలము మనవెంట వచ్చినది. చిత్తూరు సీమలోని తక్కిన గ్రామములందును, ఇతర మండలములందును ఈ విధమైన సేకరణమునకు పూనుకొనిన యువపరిశోధకులకు పని కొఱత యుండదు.